ఆలస్యంగా పలికే బనియన్లు

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికల్లా పన్నెండు బనియన్లూ పరీక్షకు సిద్ధమయ్యాయి. నా ఒళ్ళు మాత్రం పొద్దున తొమ్మిదింటి నుంచే పడుకోవడానికి సిద్ధంగా ఉంది. పిల్లకి పళ్ళొస్తున్నాయి. పద్నాలుగు నెలల పిల్ల ఒక్క పన్ను కోసం ఇంటిల్లిపాదినీ ఎలా ఆడిస్తుందో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. అంతకు ముందు వారం జ్వరం, ఆ వెనకవారం దగ్గు. నేను ఈ పనిలో చేరి నాలుగు నెలలైతే, అందులో ఒక నెల నా కళ్ళు సగమే తెరుచుకుని ఉంటాయి.

మేము కుట్టేవి మామూలు బనియన్లు కావు. గాజు ఫ్యాక్టరీలో కొలిమి ముందు పనిచేసేవాళ్ళకి చెమటలో ఉప్పు ఎంత పోతోందో ఆ బనియనే చెబుతుంది. నడుముకి కాస్త పైన, అగ్గిపెట్టెంత మేర, రెండు దారాలు పక్కపక్కన పరిచి సన్నటి దారంతో పైనుంచి కట్టేస్తాం. ఒకటి నల్లది. నూలు దారాన్ని బొగ్గు సిరాలో మూడుసార్లు ముంచి ఆరబెడితే అలా అవుతుంది. రెండోదానికి వెండిపూత ఉంటుంది. నల్లదారం కొసని సూదికెక్కించి, ఒక్కసారి మాత్రం లోపలివైపుకి లాగి వదిలేస్తే, ఆ కొస మీద మేడమ్ ఒక చుక్క పూత వేస్తారు. ఆ పూత ఉప్పునే గుర్తుపడుతుంది, మిగతా వాటి జోలికి పోదు. చెమటలో ఉప్పుని బట్టి రెండు దారాల మధ్యా కరెంటు పిసరంత తేడా వస్తుంది. టిచ్‌బటన్లకి తగిలించిన చిన్న పెట్టె దాన్ని చదువుతుంది. హద్దు దాటిందా, మోగుతుంది.

తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నాకు ఇదంతా మేడమ్ ఒకటికి నాలుగుసార్లు విడమరిచి చెప్పారు. ఆవిడకీ నా వయసే ఉంటుంది, అయినా నన్ను మీరు అనే పిలుస్తారు. నేను తలూపుతూ ఉండేదాన్ని. నాకు అర్థమైంది ఒక్కటే: ఆ నల్లదారాన్ని పసిపిల్లలా చూసుకోవాలి. మడత పడకూడదు, గోరు తగలకూడదు, ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. నాతోపాటు కుట్టే మాస్టారు అరవై ఏళ్ళ టైలరు. ఆయన మొదటిరోజే దాని స్వభావం తేల్చేశారు. "ఇది దారం కాదమ్మాయ్, కొత్తల్లుడు. ముట్టుకుంటే కోపం, ముట్టుకోకపోతే కోపం" అన్నారు.

మేము పనిచేసేది ఓ మేడ మీది రెండు గదుల్లో. ముందు గదిలో మా మిషన్లు, లోపల మేడమ్ సీసాలు. కింద తాళాలు బాగుచేసే కొట్టు. రోజంతా ఆకురాయి గీరుతున్న చప్పుడు. గోడకి మేడమ్ అంటించిన కాగితంలో ఏడు జాగ్రత్తలున్నాయి. నల్లదారానికి తడి తగలరాదు అన్నది వాటిలో ఒకటి. నేను రోజూ చదివేదాన్ని.

పరీక్ష నా పనే. ఉప్పునీళ్ళ సీసాలు మూడుంటాయి. ఒక చార ఉన్నది పలచన, రెండు చారలది మధ్యరకం, మూడు చారలది చిక్కన. బనియను పరిచి, దారాల మీద చుక్కలు వేసి, ఐదు నిమిషాలాగి మీటరు మీద అంకె చూసి పుస్తకంలో రాయాలి. చుక్క పెట్టి రాసే అంకెలంటే నాకు మొదట్నుంచీ భయం. అందుకని ఒక్కొక్కటీ రెండుసార్లు చూసుకుని రాస్తాను.

ఆ ఐదు నిమిషాలూ ఊరికే కూర్చోలేక మనసులో లెక్క పెట్టుకుంటూ ఉంటాను. పిల్లకి దగ్గు ముదిరినప్పుడు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి చెప్పమన్నాడు డాక్టరు. దగ్గు తగ్గిపోయింది కాని ఆ అలవాటు నన్ను వదల్లేదు. మెట్లు లెక్కపెడతాను, కుట్లు లెక్కపెడతాను, మా ఆయన గురకలు కూడా.

ఆ శుక్రవారం అలాగే లెక్కపెడుతుంటే ఒక సంగతి కనిపించింది. మొదటి బనియను మీద అంకె నలభై లెక్కపెట్టేలోపు ఆగిపోయింది. రెండోదీ అంతే. ఆ తర్వాత వేసినవాటిలో ఒకదానికి నేను నూట యాభై దాటినా అంకె ఇంకా పాకుతూనే ఉంది, మెట్లెక్కుతున్న ముసలివాళ్ళలా. రెండొందల అరవై దగ్గర ఆగింది. ఆగిన అంకె మాత్రం సరైనదే. పన్నెండింట్లో నాలుగో ఐదో ఇలా చేశాయి. ఏవేవో గుర్తుపెట్టుకోలేదు. పుస్తకంలో చివరి అంకెకే గడి ఉంది, ఎంతసేపటికి వచ్చిందో రాయడానికి గడి లేదు. లోపల్నుంచి మేడమ్ ఎలా ఉన్నాయని అడిగితే అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాను. అబద్ధం కాదు కదా అనుకున్నాను. ఇంటికి త్వరగా పోవాలన్న ఆత్రంలో ఏ మాటైనా నిజంలాగే కనిపిస్తుంది.

శనివారం పొద్దున బనియన్లు డబ్బాలో సర్ది ఫ్యాక్టరీకి పంపించాం.

ఆ ఫ్యాక్టరీలోనే మా ఆయన పని. నాకు ఈ ఉద్యోగం వచ్చింది కూడా అలాగే. మేడమ్ కొలిమి వాళ్ళ కొలతలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు, చేతికుట్టు బాగా వచ్చినవాళ్ళు కావాలని అన్నారట. మా ఆవిడ ఉందని ఈయన చెప్పారు. పోయిన ఎండాకాలం కొలిమి ముందు కూలబడింది కూడా ఈయనే. కాళ్ళు కొంకర్లు పోయి, మాట తడబడుతుంటే నలుగురు పట్టుకుని బండిలో వేసి ఇంటికి తెచ్చారు. అప్పటికి పిల్ల పుట్టి నలభై రోజులు కూడా కాలేదు. ఆ తర్వాత కొలిమి దగ్గర ఒక పద్ధతి పెట్టారు. గడియారం చూసి ఇరవై నిమిషాలకొకసారి అందరూ బయటికి రావాలి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగాలి, కాసేపు కూర్చుని మళ్ళీ లోపలికి పోవాలి.

ఆదివారం మధ్యాహ్నం మా ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. పిల్ల ఆయన పొట్ట మీదెక్కి బొత్తాం పీకుతోంది. అత్తయ్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నేను పిల్ల గౌను భుజం దగ్గర ఊడిన కుట్టు వేద్దామని సూదీ దారం తీసుకున్నాను. సోమవారం కొలిమి నోరు శుభ్రం చేస్తారని, ఏడాదిలో అంత వేడి పని ఇంకోటి ఉండదని ఆయన చెబుతున్నారు. ఈసారి గడియారం గొడవ లేదని కూడా అన్నారు. మాటిమాటికీ మనుషులు బయటికొస్తే పని సాగడం లేదని మేస్త్రీ విసుక్కున్నాడట. ఇప్పుడు బనియన్లొచ్చాయి కనుక, పెట్టె మోగినవాడే బయటికి రావాలి, మోగనివాడు లోపలే ఉండాలి. మేడమ్‌ని అడిగితే ఆవిడ కూడా సరేనన్నారట.

నేను అప్పటిదాకా ఆ బనియన్లు మేడమ్ పుస్తకంలో అంకెలు నింపడానికే అనుకుంటున్నాను. వాటిని నమ్ముకుని మనుషులు లోపలుండిపోతారని నాకు తట్టలేదు. నాలుగు నిమిషాలు ఆలస్యంగా చెప్పే బనియను మోగిన తర్వాతే బయటికొచ్చేవాడు ఎంతసేపు లోపలుంటాడు? పోయినేడు మా ఆయన కూలబడ్డానికి ఎంతసేపు పట్టిందట? నీళ్ళు తాగొస్తానని రెండడుగులు వేసేలోపే.

దారం సూదికెక్కడం లేదు. కొస విడిపోయింది. నోట్లో పెట్టి తడిపి, పళ్ళతో నొక్కి, మళ్ళీ బెజ్జంలోకి తోశాను. తోసి, అలాగే ఉండిపోయాను.

నాకు కుట్టుపని నేర్పింది మా పిన్ని. బడి మానేసిన రోజు నుంచీ ఆమె పక్కన కూర్చుని, ఆమె దారాన్ని నోట్లో ఎలా తడిపేదో నేనూ అలాగే తడిపేదాన్ని. అది నేను చేసే పని కాదు, నా చేయి చేసే పని. మేడ మీద మాత్రం సన్నటి తీగ ఒకటి ఇచ్చారు. దాని ముక్కులో నల్లదారాన్ని పెట్టి బెజ్జంలోంచి లాగాలి. పిల్లకి జ్వరమొచ్చి ఐదు రోజులు మానేసి తిరిగొచ్చిన రోజున నా తీగ విరిగిపోయింది. అప్పుడే సెలవు పెట్టి వచ్చినదాన్ని, ఇంకోటి కావాలని అడగడానికి నోరు రాలేదు. చూపు ఆనుతోంది కదా, తీగ లేకుండానే ఎక్కిస్తాలే అనుకున్నాను. ఎక్కించాను కూడా. ఎలా ఎక్కించానో ఇప్పుడు నా నాలుక మీద తెలుస్తోంది. ఆ వారమంతా పిల్లని ముద్దుపెట్టుకుంటే చెంప మీద నల్లగా అంటేది. మసి ఎక్కడిదని అత్తయ్య నన్ను రెండుసార్లు అడిగింది, బస్సులో అంటుకుందేమో అన్నాను.

తడి తగలరాదంటే నేను నీళ్ళనుకున్నాను. ఎంగిలి అని కాగితం మీద ఎవరూ రాయలేదు. మేడమ్ ఏనాడూ సూది పట్టలేదు, ఆవిడకి తట్టదు. మాస్టారుకి చత్వారం, ఇరవై ఏళ్ళుగా తీగతోనే ఎక్కిస్తున్నారు, ఆయనకీ తట్టదు. ఎంగిలి ఆరిన కొస మీద పూత వేస్తే పూత సరిగ్గా అంటదు, కిందికి తేమ దిగుతుంది. సున్నం సరిగ్గా పట్టని గోడలాగ.

"ఏమండీ, రేపు ఆ బనియను వేసుకోకండి" అన్నాను.

"ఏం, మాసిపోతుందా?"

"వేళాకోళం కాదు. నేను కుట్టినవాటిలో కొన్ని ఆలస్యంగా చెబుతున్నాయి."

"కొన్నంటే ఎన్ని?"

"నాలుగో ఐదో. ఏవో తెలీదు."

ఆయన పిల్లని పక్కన దించి, మోచేతి మీద లేచారు. అంతా చెప్పాను. అంకె సరిగ్గానే వచ్చింది కదా అన్నారు. మేడమ్ చూశారు కదా అన్నారు. తనకెటూ ఇరవై నిమిషాలకి బయటికొచ్చే అలవాటుందని, మేస్త్రీ అరిస్తే అరవనీ అని అన్నారు. మిగతా పదకొండు మంది సంగతేంటని నేను అడగలేదు. అడగక్కర్లేకుండానే ఆయన గోడవైపుకి తిరిగారు. ఆ కొలిమి దగ్గర ఆయనతోపాటు ఎనిమిదేళ్ళుగా అదే వేడిలో నిలబడ్డ మనుషులు వాళ్ళు. కూలబడ్డప్పుడు మోసుకొచ్చింది వాళ్ళే.

మేడమ్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఆదివారాలు ఆవిడ ఫోన్ ఆపేసి నిద్రపోతారు. ఆ మాట ముందే చెప్పి ఉన్నారు. మెసేజ్ రాద్దామని కూర్చుని, రెండు ముక్కలు రాసి చెరిపేశాను. ఇలాంటి సంగతి రాయడానికి నా తెలుగు చాలదనిపించింది. అసలు భయం అది కాదు. రాసి పంపిస్తే, ఆవిడ చదివి, ఇక రానక్కర్లేదని రెండు మాటల్లో తిరిగి రాసేస్తారు. ఎదురుగా అయితే ఆ మాట అనడానికి కాస్త ఆలోచిస్తారు కదా. ఈ పని పోతే నాకు మిగిలేది పిల్ల పుట్టకముందు పనిచేసిన బట్టల మెషీన్ల షెడ్డే. అక్కడ చంటిపిల్లల తల్లుల్ని గుమ్మంలోంచే పంపించేస్తారు.

అత్తయ్య మడతపెట్టిన బట్టలు మళ్ళీ విప్పి మడతపెడుతోంది. ఇంత కాలానికి కూర్చుని చేసే పని దొరికితే, దాన్ని నీ నోటితో నువ్వే పోగొట్టుకుంటావా అని గొణిగింది. మడతపెట్టడం ఆపకుండానే మళ్ళీ మాట్లాడింది.

"పోయినేడు వీణ్ణి బండిలో తెచ్చినప్పుడు తలుపు తీసింది నేను. నువ్వు బాలింతవి, లోపలున్నావు. నువ్వు చూడలేదు." ఒక తువ్వాలు దులిపి పక్కన పెట్టింది. "పొద్దున్నే పోయి చెప్పు."

సోమవారం పొద్దున ఐదున్నరకి ఇంట్లోంచి బయల్దేరాను. పిల్ల అప్పుడే లేచి నా మెడ పట్టుకుంది, ఎంత విడిపించినా వదల్లేదు. సరే పద అని చంకనేసుకుని, మా ఆయన వెనకే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళాను. దారిలో ఆయనొక్క మాటే అన్నారు, మేస్త్రీతో తను మాట్లాడతానని. చివరికి మాట్లాడలేదనుకోండి. మేస్త్రీని చూస్తే ఆయనకి మాటలు మింగే జబ్బు.

కాపలావాళ్ళ గది ముందు బల్ల మీద బనియన్ల డబ్బా ఉంది. కొలిమివాళ్ళు ఒక్కొక్కరూ తీసి తొడుక్కుంటున్నారు. మేడమ్, మాస్టారు ఆటో దిగారు. నన్నూ పిల్లనీ చూసి మేడమ్ నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. చెప్పాను. ఎలా చెప్పాలని దారంతా అనుకున్నానో అలా రాలేదు. తీగ విరగడం దగ్గర మొదలుపెట్టి, జ్వరానికి వెళ్ళి, లెక్కపెట్టడం చెప్పి, చివరికెప్పుడో ఎంగిలి దగ్గరికొచ్చాను.

మేడమ్ బల్ల మీద కూర్చున్నారు. ఆవిడ కళ్ళ కింద నల్లటి చారలు నేను అప్పుడే చూశాను. ఆవిడకి పిల్లల్లేరు, ఈ బనియన్లే ఉన్నాయి.

"తీగ విరిగిందని ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు. అది తీగ కోసం అడుగుతున్న ప్రశ్న కాదని నాకు తెలుసు. ఐదు రోజులు సెలవడిగిన మనిషికి ఆరోరోజున ఒక తీగముక్క అడగడం కూడా బరువే. పిల్లని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నాను.

ఆవిడ మేస్త్రీని పిలిచి, ఇవాళ కొలిమి దగ్గర బనియన్ల పరీక్ష ఆపేద్దామన్నారు. పరీక్ష మీ ఇష్టం, పని మాత్రం ఆగదన్నాడు మేస్త్రీ. కొలిమిని శనివారం నుంచి చల్లారుస్తున్నారు, ఇంకా ఆలస్యమైతే లోపల గాజు గడ్డకడుతుంది. అందరినీ మళ్ళీ గడియారం చూసి బయటికి పంపడం కుదరదని, కావాలంటే పావుగంట ఆగుతానని అన్నాడు. ఏ బనియన్లు మంచివో ఆ పావుగంటలో తేల్చాలి. ఉప్పునీళ్ళ సీసాలు మేడ మీదే ఉన్నాయి.

"దారాల కింది అస్తరు బట్ట ఎత్తి చూస్తే నేను చెప్పగలను" అన్నాను.

ఎలా అని మేడమ్ అడిగారు. ఎలాగో నాకే సరిగ్గా తెలీదు. కాని నా కుట్టు నాకు తెలుసు కదా. బాగా నిద్రపోయిన రోజున నా కుట్లు చీమలబారులా ఉంటాయి. పిల్ల జ్వరం తగ్గి నేను పనిలోకొచ్చిన వారంలో కుట్టినవి పక్కకి వాలిపోయి, ఒకదాని మీద ఒకటి తూలుతూ ఉంటాయి. ఆ వారం నేనెలా నడిచానో అలాగే.

అందరూ బనియన్లు విప్పి బల్ల మీద పెట్టారు. పన్నెండు మంది మగాళ్ళు, ఒంటి మీద చొక్కాల్లేకుండా, పొద్దుటి గాలికి చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. నేను ఒక్కొక్క బనియను తిరగేసి, అస్తరు ఎత్తి వెలుతురుకి పెట్టి చూస్తున్నాను. ఆ వరసలో ఒకాయన్ని అందరూ రేడియో అంటారు. నిద్రలో కూడా ఆపడని ప్రతీతి. "చెల్లెమ్మా, నాది కూడా చూసి చెప్పు. ఆయుర్దాయం ఎంతుందో, రెండో పెళ్ళి గీత ఉందో లేదో" అన్నాడు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, నీకు ఉన్న గీత ఒక్కటే, అది నోటి దగ్గరుందని అన్నారు. పిల్ల ఎందుకో కిలకిలా నవ్వింది.

నాలుగు, ఐదు, తొమ్మిది, పదకొండు నంబర్లవి. ఇవి నాలుగూ చూడగానే తెలిసిపోయాయి. తొమ్మిదోదాన్ని చూస్తే నామీద నాకే జాలేసింది. ఒక కుట్టు దగ్గర దారం రెండుసార్లు ఒకేచోట దిగింది, అక్కడ కచ్చితంగా కునికి ఉంటాను. మిగతావాటిలో మాస్టారు కుట్టినవి మూడు. రేడియోది మూడో నంబరు, కుట్లు ముత్యాల్లా ఉన్నాయి. బాగుందని ఇచ్చేశాను.

ఏడో నంబరు మా ఆయనది. దాన్ని మూడుసార్లు తిప్పి చూశాను. సగం కుట్లు నిటారుగా ఉన్నాయి, సగం కాస్త వాలి ఉన్నాయి. జ్వరం తర్వాతి వారంలోదే అనిపించింది, కాదనీ అనిపించింది. ఆయన మొహంవైపు చూడకుండా దాన్ని మళ్ళీ వెలుతురుకి పెట్టాను.

"ఇది?" అన్నారు మేడమ్.

"తెలీడం లేదు."

"తెలీకపోతే పక్కన పెట్టండి."

పెట్టాను. మొత్తం ఐదు. మేస్త్రీ ఆ ఐదుగురినీ గడియారం పద్ధతిలో పంపడానికి ఒప్పుకున్నాడు కాని, ఎవరు పిలుస్తారని అడిగాడు. కాపలావాడు గేటు వదిలి రాడు. మేడమ్ ఏడు పెట్టెల అంకెలూ ఫోన్లో చూసుకోవాలి. మాస్టారుకి గట్టిగా పిలిచే ఊపిరి లేదు. నేను పిలుస్తానన్నాను. అలా ఆ పూటంతా కొలిమి షెడ్డు గుమ్మం దగ్గర, స్టూలు మీద, పిల్లని ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఉప్పునీళ్ళ క్యానుతో కూర్చున్నాను. అంత దూరానికే మొహం కాలుతోంది. ఇరవై నిమిషాలవగానే లేచి, ఐదుగురినీ వరసలు పెట్టి పిలవడం. అన్నయ్యా, బావగారూ, బాబాయ్. మా ఆయన్ని మాత్రం ఏమండీ అనే పిలిచాను. దానికి లోపలున్నవాళ్ళంతా ప్రతిసారీ నవ్వారు.

ఐదుగుర్ని పిలిస్తే ఆరుగురు వచ్చేవారు. ఆరోవాడు రేడియో. ఆయన పెట్టె మోగలేదు, ఆయన్ని ఎవరూ పిలవలేదు. నలుగురు చేరి నీళ్ళు తాగుతూ మాట్లాడుకుంటుంటే లోపలుండడం ఆయన వల్ల కాదు. వచ్చి, ఒక గ్లాసు తాగి, పిల్లతో బుస్ బుస్ అని పాములాట ఆడి, మళ్ళీ లోపలికి పోయేవాడు. రెండోసారి మేడమ్ మొహం ముడుచుకున్నారు. మోగకుండా బయటికొస్తే ఆయన అంకెలు ఎందుకూ పనికిరావని అన్నారు. నేను కూడా, అన్నయ్యా, మీది మోగలేదుగా, మీరెందుకొచ్చారని అడిగాను.

"పిలిచావుగా" అన్నాడు.

"మిమ్మల్ని కాదు."

"ఒకసారి పిలిచాక ఎవరినైతేనేం" అని క్యాను దగ్గరికి పోయాడు.

పదకొండున్నరకి పని అయిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. పెట్టెలు రెండు మోగాయి, ఆ ఇద్దరూ బయటికొచ్చి కూర్చున్నారు. పిలిచి పిలిచి నా గొంతు బొంగురుపోయింది. పిల్ల ఒళ్ళో నిద్రపోయింది, చెమటకి దాని జుట్టు నా చేతికి అంటుకుపోయింది. మేడమ్ బనియన్లన్నీ డబ్బాలో వేయిస్తూ నా దగ్గరికొచ్చి నిలబడ్డారు. శుక్రవారమే ఎందుకు చెప్పలేదని అడుగుతారనుకున్నాను, అడిగారు. అంకె సరిగ్గా వచ్చింది కదా అనుకున్నానని చెప్పాను.

"అంకె నేనూ చూశాను" అన్నారు. రేపు రావాలో వద్దో చెప్పలేదు. అడిగే ఓపిక నాకూ లేదు.

మంగళవారం మామూలు టైముకి వెళ్ళాను. వద్దంటే గుమ్మంలోంచే వచ్చేద్దామనుకున్నాను. కింద కొట్టులో ఆకురాయి గీరుతోంది. పైన నా మిషను పక్కన కొత్త తీగలు నాలుగు, దారంతో కట్ట కట్టి ఉన్నాయి. మేడమ్ అప్పటికే పన్నెండు బనియన్లూ బల్ల మీద పరిచి, ఫోన్లో గడియారం పెట్టుకుని చుక్కలు వేస్తున్నారు. పుస్తకంలో కొత్త గడి గీశారు.

నేను పక్కన పెట్టిన ఐదింట్లో నాలుగు ఆలస్యంగా చెప్పేవే. ఏడోది, మా ఆయనది, ముప్పై ఎనిమిది సెకన్లకే ఆగింది. బంగారంలాంటి బనియను. దాన్ని అనవసరంగా ఆయన ఒంటి మీంచి తీయించాను.

మూడోది మూడు నిమిషాల యాభై సెకన్లు పట్టింది.

మేడమ్ మళ్ళీ వేసి చూశారు. అంతే వచ్చింది. నేను వెళ్ళి అస్తరెత్తి చూశాను. కుట్లు చీమలబారులా ఉన్నాయి. ఒక్కటి కూడా వాలలేదు. జ్వరం తర్వాతి వారంలో ఏదో ఒక రోజు పిల్ల తెల్లవార్లూ నిద్రపోయి ఉంటుంది. ఆ రోజు నేనూ నిద్రపోయి ఉంటాను. నిద్రపోయినంత మాత్రాన నోటి అలవాటు పోతుందా?

అది రేడియో వేసుకున్న బనియను. మోగేదాకా లోపలుండమని నేనూ ఆయనకి చెప్పాను, మేడమూ చెప్పారు.

స్టూలు మీద కూర్చున్నాను. మాస్టారు ఏమైందని అడిగితే మేడమ్ చెప్పారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మూడోదాని కుట్లు తనూ చూశారు.

"ఐదూ విప్పాలి" అన్నారు మేడమ్ చివరికి. "నల్లదారం తీసేసి, కొత్తది పరిచి. మీరే విప్పండి."

సరేనన్నాను. మూడోదాన్ని ముందు తీసుకున్నాను. కుట్లు అంత గట్టిగా, అంత దగ్గరగా పడ్డాయి, ఒక్కొక్కటీ సూదిమొనతో లేపి కోయాల్సి వచ్చింది. మధ్యాహ్నం దాకా అదొక్కటే అయింది.